స్లీప్ అప్నియా చికిత్స: ఏ గొంతుకు ఏది, రాత్రికి ఎన్ని గంటలు

క్లుప్తంగా: నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి పదేపదే మూసుకుపోవడమే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా. దీనికున్న చికిత్సల్లో సీప్యాప్, అంటే మాస్క్ ద్వారా పీడనంతో గాలి పంపే యంత్రం, అన్నిటికన్నా బలమైనది, అయితే మాస్క్ ముఖాన ఉన్నంతసేపే పనిచేస్తుంది. దవడ పరికరం, పడుకునే భంగిమ, బరువు తగ్గించే ఇంజెక్షన్, నాలుక నరానికి విద్యుత్ ప్రేరణ, శస్త్రచికిత్స కూడా ఉన్నాయి. వీటిలో ఎవరికి ఏది పనికొస్తుందో దారి ఎక్కడ, ఎందుకు మూసుకుంటోందన్నదే తేలుస్తుంది. ఫలితాన్ని చికిత్స నడిచిన గంటల్లో కాదు, రాత్రి మొత్తంలో కొలవాలి.

2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర స్థాయి స్లీప్ అప్నియా ఉన్న పెద్దలకు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అనుమతించింది. ఈ జబ్బుకు అక్కడ అనుమతి దొరికిన మొదటి మందు ఇదే. అప్పటి నుంచి రోగులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ఇక మాస్క్ అక్కర్లేదా? దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు రాదు. ముందు గొంతులో ఏం జరుగుతోందో తెలియాలి.

### దారి ఎందుకు మూసుకుంటుంది

మెత్తని అంగిలి నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతు భాగానికి ఎముక గానీ, గట్టి మృదులాస్థి గానీ ఆసరాగా ఉండదు. మాట్లాడటానికి, మింగడానికి అది అలా మెత్తగా ఉండాల్సిందే. మెలకువలో నాలుకను ముందుకు లాగే కండరం ఎప్పుడూ కొంత బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతుంది. నిద్ర పట్టగానే ఆ బిగువు తగ్గుతుంది. ఊపిరి పీల్చినప్పుడు లోపల పుట్టే చూషణకు వదులైన గోడలు దగ్గరకొస్తాయి. కొద్దిగా దగ్గరైతే గురక. పూర్తిగా అతుక్కుంటే అప్నియా.

అలా మూసుకున్నాక రక్తంలో ఆక్సిజన్ తగ్గుతూ, బొగ్గుపులుసు వాయువు పెరుగుతూ పోతాయి. చివరికి మెదడు కొన్ని సెకన్లపాటు మేలుకుంటుంది, కండరాలు బిగుసుకుని దారి ఒక్క ఉదుటున తెరుచుకుంటుంది. ఈ మెలకువలు పొద్దున్న గుర్తుండవు. అందుకే ఎనిమిది గంటలు పడుకున్న మనిషి మధ్యాహ్నానికే కునికిపాట్లు పడుతుంటాడు.

దారి ఇరుకుగా ఉండటం ఒక్కటే కారణం కాదు. మరో మూడు లోపాలు వేర్వేరు పాళ్లలో కలుస్తాయి. దారి మూసుకుంటున్నా నాలుక కండరం తగినంతగా స్పందించకపోవడం ఒకటి. చిన్న ఆటంకానికే మెదడు మేలుకోవడం రెండోది. దీనివల్ల కండరాలు సర్దుకునే వ్యవధి దొరకదు. శ్వాసను నియంత్రించే వ్యవస్థ అతిగా స్పందించడం మూడోది: కొంచెం గాలి తగ్గగానే విపరీతంగా ఊపిరి తీయడం, దాంతో బొగ్గుపులుసు వాయువు బాగా పడిపోవడం, వెంటనే శ్వాస మళ్లీ మందగించడం. నిద్ర పరీక్షలో ఒకే రకమైన రిపోర్టు వచ్చిన ఇద్దరిలో ఒకరికి పనిచేసిన చికిత్స మరొకరికి పనిచేయకపోవడానికి ఈ తేడాలే చాలావరకు కారణం.

### ఏహెచ్‌ఐ చెప్పేది, చెప్పనిది

జబ్బు తీవ్రతను ఏహెచ్‌ఐతో కొలుస్తారు. గంట నిద్రలో ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగిన లేదా బాగా తగ్గిన సందర్భాల సంఖ్య ఇది. పెద్దల్లో 5 లోపు మామూలు, 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. పిల్లల్లో గంటకు 1 దాటినా అసహజమే.

ఈ లెక్కలో 10 సెకన్ల ఆటంకం, 60 సెకన్ల ఆటంకం రెండూ ఒక్కొక్కటిగానే పడతాయి. కాబట్టి ఆక్సిజన్ ఎంతవరకు పడింది, 90 శాతం కన్నా కింద ఎంతసేపు ఉంది అన్నవి కూడా రిపోర్టులో చూడాలి. ఇంట్లోనే చేసుకునే నిద్ర పరీక్షలో మరో చిక్కుంది. చాలా పరికరాలు మెదడు తరంగాలను నమోదు చేయవు. అందువల్ల మెలకువగా దొర్లిన సమయం కూడా నిద్ర కిందే లెక్కలోకి వెళ్లి సగటు తగ్గుతుంది. లక్షణాలు స్పష్టంగా ఉండి ఇంటి పరీక్షలో ఏమీ లేదని వస్తే, ల్యాబ్‌లో పూర్తి పరీక్ష చేయించాలి. అంతటితో వదిలేయకూడదు.

వెల్లకిలా పడుకున్నప్పుడు ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత, కలల నిద్రలో ఎంత అని విడివిడిగా ఉండే వరుసలను చాలామంది చదవరు. చికిత్స ఎంపికకు అసలు ఆధారాలు అక్కడే ఉంటాయి.

### సీప్యాప్: గాలితో కట్టిన కట్టు

1981 వరకు తీవ్ర అప్నియాకు నమ్మకమైన చికిత్స మెడకు రంధ్రం చేసి శ్వాసనాళంలో గొట్టం అమర్చడమే. ఆ ఏడాది సిడ్నీలో కోలిన్ సల్లివన్ బృందం ముక్కు ద్వారా నిరంతరం కొద్దిపాటి పీడనంతో గాలి పంపితే గొంతు మూసుకోదని చూపించింది. విరిగిన ఎముకను కట్టు నిలిపినట్టు, వదులైన గోడలను లోపలి నుంచి గాలే నిలిపి ఉంచుతుంది. ఆక్సిజన్ అదనంగా ఇవ్వదు. గదిలోని గాలినే 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనంతో పంపుతుంది.

పీడనాన్ని ల్యాబ్‌లో ఒక రాత్రి పరీక్షించి స్థిరంగా పెట్టవచ్చు, లేదా అవసరాన్ని బట్టి తానే మార్చుకునే ఆటో యంత్రం వాడవచ్చు. ఆటో యంత్రాన్ని 4 నుంచి 20 దాకా పూర్తిగా తెరిచి వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. 10 అవసరమైన మనిషికి 4తో మొదలైతే ఊపిరి చాలనట్టు అనిపిస్తుంది, యంత్రం పైకి చేరేలోపే ఆటంకాలు వచ్చిపడతాయి. రెండు మూడు వారాల వాడకం తర్వాత యంత్రంలో నమోదైన వివరాల ప్రకారం హద్దులను దగ్గర చేయాలి.

సీప్యాప్ విఫలమైందని చెప్పే సందర్భాల్లో ఎక్కువ భాగం నిజానికి మాస్క్ వైఫల్యాలే. ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న దిండ్ల మాస్క్, ముక్కును కప్పేది, ముక్కునూ నోటినీ కలిపి కప్పేది అని ప్రధానంగా మూడు రకాలు. నోరు తెరుచుకుంటుందని చాలామందికి వెంటనే మూడోది ఇచ్చేస్తారు. అది కింది దవడను వెనక్కి నొక్కి దారిని ఇంకా ఇరుకు చేయగలదు, ఎక్కువ పీడనం అడగగలదు, లీకులూ దానిలోనే ఎక్కువ. ముక్కు దిబ్బడ వల్లే నోటితో పీలుస్తుంటే ముందు ముక్కుకు వైద్యం చేసి, ముక్కు మాస్క్‌నే ప్రయత్నించడం మేలు.

లీకు కనిపించగానే పట్టీలు బిగించడం సహజం. చాలాసార్లు దానివల్ల లీకు పెరుగుతుంది. మాస్క్ అంచు పలుచని రెండు పొరల సిలికాన్‌తో ఉంటుంది. చర్మాన్ని తాకే పొర గాలితో ఉబ్బి ముఖానికి అతుక్కోవాలి. గట్టిగా బిగిస్తే అది నలిగి ముడతలు పడుతుంది. యంత్రం నడుస్తుండగా, పడుకున్న స్థితిలో, మాస్క్‌ను కొద్దిగా ముందుకు లాగి వదిలి, పట్టీలను నిలిచేంత మేరకే సర్దాలి. కూర్చుని సర్దిన మాస్క్ పడుకోగానే వదులవుతుంది, ఎందుకంటే ముఖ కండరాల ఆకారం మారుతుంది. ముఖం మీది జిడ్డు కూడా లీకుకు కారణమే. రాత్రి ముఖం కడుక్కోవడం, సిలికాన్ భాగాన్ని రోజూ తుడవడం రెండూ అవసరం.

నోరు, ముక్కు ఎండిపోతుంటే తేమ పెంచాలి. తేమ పెంచాక గొట్టంలో నీటిచుక్కలు పేరుకుని ముఖం మీద పడుతుంటే గది చల్లగా ఉందని అర్థం. అప్పుడు వేడి గొట్టం వాడాలి, లేదా గొట్టానికి గుడ్డ తొడుగు వేయాలి. తేమ పెట్టెలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, మిగిలిన నీటిని రోజూ పారబోయాలి. కడుపు ఉబ్బరం, త్రేన్పులు వస్తుంటే గాలి ఆహారనాళంలోకి పోతోంది. పీడనం కాస్త తగ్గించడం, ఊపిరి వదిలేటప్పుడు పీడనం దిగే సౌకర్యాన్ని ఆన్ చేయడం, తల వైపు ఎత్తు పెంచడం దీనికి ఉపాయాలు.

మాస్క్ పెట్టగానే ఊపిరాడనట్టు భయపడేవారిని రాత్రి పూట బలవంతపెట్టకూడదు. మొదట పగలు, యంత్రం లేకుండా మాస్క్‌ను చేత్తో ముఖానికి ఆనించి కొన్ని నిమిషాలు. తర్వాత పట్టీలతో. ఆపైన యంత్రం నడుస్తుండగా, ఏదో ఒకటి చదువుతూనో చూస్తూనో అరగంట. ఆ తర్వాత పగటి కునుకులో, చివరికి రాత్రి. ఒక్కో మెట్టు దగ్గర భయం తగ్గేదాకా ఆగాలి. మొదటి రెండు వారాల్లో కుదిరిన అలవాటే తర్వాతి నెలలకు నిలుస్తుంది. కాబట్టి సహాయం అందాల్సింది అప్పుడే, మూడు నెలల తర్వాత వచ్చే అపాయింట్‌మెంట్‌లో కాదు.

కొందరిలో సీప్యాప్ మొదలయ్యాక కొత్తరకం ఆటంకాలు కనిపిస్తాయి. దారి తెరిచే ఉంటుంది గానీ మెదడు నుంచి ఊపిరి ఆదేశం రాదు. యంత్రం వీటిని విడిగా చూపిస్తుంది. చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. తగ్గకపోతే కారణం వెతకాలి, ముఖ్యంగా గుండె వైఫల్యం, ఓపియాయిడ్ రకం నొప్పి మందుల వాడకం.

### గంటల లెక్క

ఏహెచ్‌ఐ 40 ఉన్న ఇద్దరు, రాత్రికి 8 గంటల నిద్ర అనుకుందాం. మొదటివారు సీప్యాప్ వాడతారు, మాస్క్ ఉన్నంతసేపు ఏహెచ్‌ఐ 3. కానీ 4 గంటలకే తీసేస్తారు. మిగిలిన 4 గంటలు మళ్లీ 40. రాత్రి సగటు 21.5. రెండోవారు దవడ పరికరం వాడతారు, ఏహెచ్‌ఐ 18కే తగ్గింది, కానీ ఏడున్నర గంటలు పెట్టుకుంటారు. సగటు సుమారు 19.4. రిపోర్టులో సీప్యాప్ ఫలితం ఎంతో గొప్పగా కనిపిస్తుంది, శరీరానికి అందిన లాభంలో మాత్రం ఇద్దరూ దాదాపు సమానం.

ఈ లెక్క కూడా మొదటివారికి కొంత అనుకూలంగానే వేసింది. కలల నిద్ర ఎక్కువగా రాత్రి రెండో సగంలో వస్తుంది. అప్పుడే కండరాలు అన్నిటికన్నా వదులవుతాయి, ఆటంకాలు పొడుగవుతాయి, ఆక్సిజన్ లోతుగా పడుతుంది. తెల్లవారుజామున మాస్క్ తీసేసేవారు సరిగ్గా ఆ వేళకే రక్షణ కోల్పోతున్నారు.

2016లో వెలువడిన సేవ్ అధ్యయనాన్ని కూడా ఈ వెలుగులోనే చదవాలి. గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,717 మందిలో సీప్యాప్ వల్ల గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గలేదని అది తేల్చింది. వాడకం సగటున రాత్రికి 3.3 గంటలే; పగటి నిద్రమత్తు మరీ ఎక్కువగా ఉన్నవారిని అధ్యయనంలో చేర్చుకోలేదు. దాన్నిబట్టి సీప్యాప్ గుండెకు మేలు చేయదని తేల్చేయడం తొందరపాటు. తప్పక కాపాడుతుందని హామీ ఇవ్వడానికి కూడా ఆధారం చాలదు. పగటి మత్తు, మానసిక స్థితి మెరుగుపడటం మాత్రం ఆ అధ్యయనంలోనూ కనిపించింది.

### దవడను ముందుకు నిలిపే పరికరం

పై, కింది పళ్లకు తొడిగే రెండు పలకలు కింది దవడను ముందుకు పట్టి ఉంచుతాయి. దవడతో పాటు నాలుక మొదలు ముందుకు వస్తుంది, అంగిలి పక్కల కణజాలం సాగి దారి వెడల్పవుతుంది. స్వల్ప, మధ్యస్థ స్థాయి వారికీ, వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువ ఇబ్బంది ఉన్నవారికీ, మరీ లావు కానివారికీ బాగా పనికొస్తుంది. సగటున ఏహెచ్‌ఐని దాదాపు సగానికి తగ్గిస్తుంది. సగటు అన్నమాట మరువకూడదు, కొందరికి అసలేమీ తగ్గదు.

దవడ ఎంత ముందుకు రాగలదో కొలిచి, అందులో సుమారు సగం దగ్గర మొదలుపెట్టి, కొన్ని రోజులకొకసారి మిల్లీమీటరులో భాగాల చొప్పున ముందుకు జరుపుతారు. గురక, మత్తు తగ్గినచోట ఆపి, పరికరం పెట్టుకునే మళ్లీ నిద్ర పరీక్ష చేయాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. గురక ఆగినంత మాత్రాన అప్నియా ఆగినట్టు కాదు.

పళ్లు తగినన్ని లేకపోయినా, చిగుళ్ల జబ్బు ముదిరినా, దవడ కీలు నొప్పి ఉన్నా ఇది కుదరదు. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి అచ్చు తీసుకునే రెడీమేడ్ రకాలు నిద్రలో జారిపోతాయి, మిల్లీమీటర్ల సర్దుబాటుకు వీలివ్వవు. ఏళ్ల తరబడి వాడితే పై పళ్లు వెనక్కి, కింది పళ్లు ముందుకు వాలి కాటు మారుతుంది. ఉదయం కాసేపు పళ్లను మామూలు స్థితికి తెచ్చే వ్యాయామం, దంతవైద్యుడి క్రమమైన పరిశీలన ఇందుకే.

### బరువు, ఇంజెక్షన్

కొవ్వు మెడ చుట్టూనే కాదు, నాలుక లోపల కూడా పేరుకుంటుంది. పొట్ట కొవ్వు ఊపిరితిత్తులను పైకి నెట్టడంతో గొంతును కిందికి లాగి బిగువుగా ఉంచే బలం తగ్గుతుంది. అందుకే బరువు తగ్గితే ఫలితం రెండు వైపుల నుంచీ వస్తుంది. 2000లో వెలువడిన విస్కాన్సిన్ అధ్యయనం ప్రకారం బరువు 10 శాతం పెరిగితే ఏహెచ్‌ఐ దాదాపు 32 శాతం పెరిగింది, 10 శాతం తగ్గితే దాదాపు 26 శాతం తగ్గింది.

టిర్జెపటైడ్ పనిచేసేది ప్రధానంగా ఈ దారిలోనే. 2024లో ప్రచురితమైన రెండు ప్రయోగాల్లో, 52 వారాల తర్వాత, గంటకు 50 దగ్గర మొదలైన ఏహెచ్‌ఐ మందు తీసుకున్నవారిలో సుమారు 25 నుంచి 29 అంకెల మేర తగ్గింది; ఉత్తుత్తి ఇంజెక్షన్ వారిలో తగ్గింది సుమారు 5. గొప్ప ఫలితమే. కానీ 50 లోంచి 25 పోతే మిగిలేది 25, అంటే ఇంకా మధ్యస్థ స్థాయి జబ్బే. చికిత్స పూర్తిగా ఆపగలిగే స్థాయికి చేరినవారు సగం లేదా అంతకు తక్కువ.

వ్యవధి కూడా ముఖ్యం. మందు వారానికి 2.5 మిల్లీగ్రాములతో మొదలై, కనీసం నాలుగు వారాలకొకసారి 2.5 చొప్పున పెరుగుతుంది. ప్రయోగంలో వాడిన 10 లేదా 15 మిల్లీగ్రాముల మోతాదుకు చేరడానికే మూడు నుంచి ఐదు నెలలు. ఆ నెలల్లో గొంతు రోజూ మూసుకుంటూనే ఉంటుంది కాబట్టి మాస్క్ ఆపకూడదు. మందు ఆపితే బరువు తిరిగొస్తుంది, దాని వెంట అప్నియా వస్తుంది. వికారం, వాంతులు, విరేచనాలు సాధారణ దుష్ఫలితాలు. కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారికి ఇది ఇవ్వకూడదు. లావు లేని అప్నియా రోగులకు ఈ మందుతో పని లేదు. చిన్న దవడ వల్ల వచ్చే ఇరుకును ఏ ఇంజెక్షనూ మార్చలేదు.

### భంగిమ, మద్యం, నిద్రమాత్రలు

వెల్లకిలా ఉన్నప్పటి ఏహెచ్‌ఐ పక్కకు తిరిగినప్పటి దానికి రెట్టింపో అంతకన్నా ఎక్కువో ఉంటే దాన్ని భంగిమ అప్నియా అంటారు. పక్కకు తిరిగినప్పుడు 5 లోపు ఉన్నవారికి వెల్లకిలా పడుకోకుండా చూసుకోవడమే చికిత్స కావచ్చు. వీపున బంతి కట్టుకునే పాత పద్ధతి పనిచేస్తుంది గానీ నెలల తరబడి కొనసాగించేవారు తక్కువ. వెల్లకిలా తిరగగానే కంపించే చిన్న పరికరాలు ఇంతకన్నా నయం.

మద్యం నాలుక కండరాన్ని ఇంకా వదులు చేస్తుంది, ఆటంకాలను పొడిగిస్తుంది. ఓపియాయిడ్ నొప్పి మందులు, మత్తు కలిగించే కొన్ని నిద్రమాత్రలు శ్వాస ఆదేశాన్నే మందగింపజేస్తాయి. నాలుక, గొంతు వ్యాయామాలు చిన్న అధ్యయనాల్లో లాభం చూపాయి, నెలల తరబడి రోజూ చేయాలి. స్వల్ప స్థాయి వారికి అదనపు సాయంగా సరే, తీవ్ర స్థాయి వారికి వీటినే నమ్ముకోవడం ప్రమాదం.

### నాలుక నరానికి ప్రేరణ

సీప్యాప్ తట్టుకోలేని కొందరికి కాలర్ ఎముక కింద చిన్న జనరేటర్ అమర్చి, నాలుకను కదిలించే నరానికి తీగ చుడతారు. ఊపిరి పీల్చే వేళకు అది మెల్లని ప్రేరణ ఇస్తే నాలుక ముందుకు వస్తుంది. పడుకునేముందు రిమోట్‌తో ఆన్ చేయాలి. 2014లో ప్రచురితమైన స్టార్ అధ్యయనంలో 126 మందిలో ఏహెచ్‌ఐ మధ్యస్థ విలువ (మీడియన్) ఏడాదిలో 29.3 నుంచి 9కి దిగింది. దాదాపు మూడోవంతు మందికి ఆశించిన ఫలితం రాలేదు.

ఎంపికలో కీలకం మత్తు నిద్రలో చేసే ఎండోస్కోపీ. అంగిలి దగ్గర దారి ముందు నుంచి వెనక్కి మూసుకుంటే ఫలితం బాగుంటుంది. అన్ని వైపుల నుంచీ సంచి మూతిలా మూసుకుంటే నాలుకను కదిలించి లాభం లేదు. పరికరాన్ని అమర్చిన వెంటనే వాడరు, గాయం మానాక సుమారు నెలకు ఆన్ చేసి క్రమంగా పెంచుతారు. నాలుక పళ్లకు ఒరుసుకుని పుండ్లు పడటం తరచుగా వచ్చే ఫిర్యాదు.

### శస్త్రచికిత్స

పిల్లల్లో ఇది తరచుగా మొదటి చికిత్స. వారిలో టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరగడమే ప్రధాన కారణం. 5 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద జరిగి 2013లో వెలువడిన చాట్ అధ్యయనంలో, వాటిని తీసేసినవారిలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలైంది. తీయకుండా గమనించినవారిలోనూ 46 శాతం మందికి మామూలైంది. కాబట్టి స్వల్ప లక్షణాలున్న బిడ్డకు కొన్ని నెలలు వేచి చూడటం నిర్లక్ష్యం కాదు.

పెద్దల్లో కొండనాలుకను, అంగిలి అంచును కత్తిరించే పాత శస్త్రచికిత్స ఫలితాలు అస్థిరం. దారి నాలుక వెనక మూసుకునేవారికి అంగిలి కత్తిరిస్తే గురక తగ్గి అప్నియా నిశ్శబ్దంగా కొనసాగవచ్చు. రెండు దవడలనూ కోసి సుమారు 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపి ప్లేట్లతో బిగించే శస్త్రచికిత్స అన్నిటికన్నా శక్తిమంతం. అయితే కోలుకోవడానికి వారాలు పడుతుంది, కింది పెదవి మొద్దుబారడం మిగలవచ్చు. ముక్కు దూలం సరిచేయడం వల్ల ఏహెచ్‌ఐ పెద్దగా తగ్గదు, సీప్యాప్ తట్టుకోవడం మాత్రం సులువవుతుంది.

### దారి తెరవని చికిత్సలు

ఒట్టి ఆక్సిజన్ ఇస్తే వేలికి పెట్టిన మీటరు మీద అంకె బాగుంటుంది, గొంతు మాత్రం మూసుకుంటూనే ఉంటుంది, మెలకువలు ఆగవు. ఊబకాయం వల్ల ఇప్పటికే బొగ్గుపులుసు వాయువు పేరుకుంటున్నవారిలో అది ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. మొడాఫినిల్ వంటి మందులు చికిత్స తర్వాత కూడా మిగిలిన పగటి మత్తుకు ఉద్దేశించినవి. చికిత్స లేకుండా వాటినే వాడితే మత్తు తెలియదు, జబ్బు సాగుతూనే ఉంటుంది.

### మళ్లీ ఎప్పుడు పరీక్షించాలి

బరువు పదిశాతం అటూ ఇటూ మారినప్పుడు, దవడ పరికరం సర్దుబాటు పూర్తయినప్పుడు, శస్త్రచికిత్స గాయం మానాక, గురక లేదా మత్తు తిరిగొచ్చినప్పుడు పరీక్ష చేయించాలి. సీప్యాప్ వాడుతూ బాగా బరువు తగ్గినవారికి పాత పీడనం ఎక్కువై లీకులు, కడుపు ఉబ్బరం మొదలవుతాయి. యంత్రం చూపే మిగులు ఏహెచ్‌ఐ 5 లోపు ఉందన్న ధైర్యంతో మాస్క్ ఆపేయకూడదు. అది మాస్క్ ఉన్నప్పటి అంకె. మాస్క్ లేకుండా పరీక్షించాకే ఆ నిర్ణయం.

వేరే ఏ జబ్బుకైనా ఆపరేషన్ అవసరమైతే అప్నియా సంగతి మత్తు వైద్యుడికి ముందే చెప్పాలి, యంత్రం, మాస్క్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మత్తు దిగుతున్న గంటల్లో, నొప్పి మందుల ప్రభావంలో వెల్లకిలా పడుకున్నప్పుడు గొంతు ఇంట్లో కన్నా తేలిగ్గా మూసుకుంటుంది.